మిద్దె ఆరితే గట్టిపడదు, తడిగా ఉంటేనే గట్టిపడుతుంది

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. ప్రొద్దుటూరు పక్కన ఇల్లు కట్టుకుంటున్నారు. ఈ మే ఎండల్లో శుక్రవారం మిద్దె వేశారు, ఈ రోజుకు నాలుగో రోజు. పైన తెల్లగా అయిపోయింది, కాలితో తన్నినా రాయిలా ఉంది. మీ బేల్దారి మేస్త్రి "బాగా ఆరిపోయింది సార్, ఇంక నీళ్ళు పెడితే లోపలికి ఇంకి మిద్దె మెత్తబడుతుంది" అంటున్నాడు. బోరు ఎండిపోయింది, ట్యాంకర్లు కొనడం భారంగా ఉంది, కాబట్టి మీకూ ఆపేయాలనే ఉంది. వాడింది పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు. ఆపేయొచ్చా, అసలు సిమెంటు లోపల ఏం జరుగుతుంది అని అడిగారు.

ఆపొద్దు. మీది పీపీసీ, పైగా కడప ఎండ. మిద్దె వేసిన రోజు నుంచి లెక్కపెట్టి 14 రోజులు తడి ఆరనివ్వకండి. గట్టిపడిన మిద్దె నీళ్ళు పెట్టినందువల్ల మెత్తబడదు, ఇంకా బలపడుతుంది. అట్లని 14 రోజులూ ట్యాంకర్లు కొనాల్సిన పని కూడా లేదు. తక్కువ నీళ్ళతోనే జరుపుకునే దారి ఉంది, కింద చెబుతాను. లోపల జరిగేది ముందు తెలిస్తే ఆ దారి ఎందుకు పనిచేస్తుందో మీకే అర్థమవుతుంది, రేపు మేస్త్రికి మీరే చెప్పగలుగుతారు.

నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో 22 ఏళ్ళు కెమిస్టుగా చేశాను. గంటకోసారి మిల్లు నుంచి వచ్చే శాంపిల్ పరీక్షించడం, సిమెంటు మాలుతో చిన్న క్యూబులు పోయడం, 3 రోజులకు, 7 రోజులకు, 28 రోజులకు వాటిని మిషన్లో పెట్టి పగలగొట్టడం నా పని. ఆ క్యూబుల్ని అన్ని రోజులూ ఎక్కడ ఉంచుతామో తెలుసా? నీళ్ళ తొట్లో, 27 డిగ్రీల నీళ్ళలో పూర్తిగా మునిగి ఉంటాయి. మూట మీద 43, 53 అని కనిపించే బలం 28 రోజులు నీళ్ళలో ఉన్న క్యూబు బలం. ఎండలో పెట్టిన క్యూబుకు ఆ మాట వర్తించదు.

మేస్త్రిని తప్పుపట్టి లాభం లేదు. "ఆరింది" అనే మాట మన వైపు ఇళ్ళు కట్టే పనిలో తరతరాలుగా ఉంది. మన తాతలు మట్టి మిద్దెలు కట్టి పైన చౌడు మన్ను పరిచారు. మట్టి ఆరితేనే గట్టిపడుతుంది, తడిస్తే మెత్తబడుతుంది. ఆ తర్వాత గానుగ సున్నం. గండికోటలో కట్టడాలకు పూసిన గచ్చు అదే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది, అందుకే దానికి గాలి తగలాలి, నెమ్మదిగా ఆరాలి. సిమెంటు ఈ రెండింటి కులంలోది కాదు. మట్టి ఆరి గట్టిపడుతుంది, సున్నం గాలి పీల్చి గట్టిపడుతుంది, సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడుతుంది. నీళ్ళ అడుగున పోసినా గట్టిపడుతుంది, వంతెనల పునాదులు అట్లా పోసినవే. ఈ నీళ్ళు తాగే పనినే హైడ్రేషన్ అంటారు. నీరు అందులోంచి ఆవిరై పోవడం కాదు అది, నీరు ఆ రాయిలో భాగమైపోవడం.

ఇంక సిమెంటు ఎక్కడి నుంచి మొదలవుతుందో చూద్దాం. మీ ఇంటి ముందు పరిచే నాపరాళ్ళు చూశారు కదా. ఆ రాయి సున్నపురాయే. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. మన జిల్లాలో ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయంటే కారణం అదే. ఆ రాయిని బంకమన్ను లాంటి వాటితో, కొంచెం ఇనుము ఉన్న ఖనిజంతో కలిపి పిండి చేసి కిల్న్ అనే పెద్ద కొలిమిలో కాలుస్తారు. 900 డిగ్రీల దరిదాపుల్లో రాయిలోని కార్బన్ డయాక్సైడు వెళ్ళిపోయి సున్నం మిగులుతుంది. 1,450 డిగ్రీల దగ్గర ఆ సున్నం, ఇసుకలో ఉండే సిలికా, మన్నులోని అల్యూమినా, ఇనుము కలిసి కొత్త ఖనిజాలుగా మారతాయి. బయటికి వచ్చేది శనగకాయంత మొదలుకొని నిమ్మకాయంత వరకు ఉండే నల్లటి ఉండలు. అదే క్లింకర్. దానికి 3 నుంచి 5 శాతం జిప్సం కలిపి మెత్తగా నూరితే సిమెంటు.

క్లింకరును కోసి, నునుపుగా అరగదీసి, ఆమ్లం తగిలించి మైక్రోస్కోపు కింద పెడితే నాలుగు ఖనిజాలు కనిపిస్తాయి. ఆరు మూలల పలకల్లా తీరుగా ఉండేవి అలైట్, మా లెక్కల్లో సీ3ఎస్ అంటాం, అంటే మూడు పాళ్ళు సున్నం, ఒక పాలు సిలికా. గుండ్రంగా, ఒంటి నిండా సన్న గీతలతో ఉండేవి బెలైట్, సీ2ఎస్. వీటి సందుల్లో కరిగి గడ్డకట్టినట్టు ఉండేవి సీ3ఏ, సీ4ఏఎఫ్. అల్యూమినా, ఇనుము వీటిలో ఉంటాయి, సిమెంటుకు బూడిద రంగు ఇచ్చేది ఈ ఇనుమున్న ఖనిజమే. మంచి క్లింకరులో అలైట్ సగానికి పైగా ఉంటుంది. అలైట్, బెలైట్ అనే పేర్లు 1897లో టోర్నెబోమ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టాడు. అంతకు పదేళ్ళ ముందే, 1887లో, ఫ్రాన్సులో లె షాతెలియే సిమెంటు గట్టిపడటం గురించి రాశాడు. మా ల్యాబులో సిమెంటు తర్వాత ఉబ్బుతుందా లేదా చూసే ఇత్తడి అచ్చుకు ఇప్పటికీ ఆయన పేరే.

అలైట్ లాంటి ఖనిజం భూమిలో దొరకడం చాలా అరుదు. నీరు తగిలితే చాలు మారిపోయే గుణం దానిది, ఇన్ని కోట్ల ఏళ్ళు వానలు పడే భూమ్మీద ఎట్లా మిగులుతుంది? ఆ గుణాన్నే మనం మూటలో కట్టి అమ్ముతున్నాం. గోదాములో తేమ తగిలిన మూట గడ్డకట్టడానికి కారణం కూడా అదే. గడ్డలు చేత్తో నలిపితే పొడి కాకపోతే ఆ మూటను మిద్దెకు వాడొద్దు.

ఇప్పుడు నీళ్ళు పోశాక జరిగేది. మొదటి నిమిషాల్లో అందరికంటే ఆత్రంగా నీళ్ళ మీద పడేది సీ3ఏ. దాన్ని అట్లాగే వదిలేస్తే మాలు కలుపుతుండగానే బిగుసుకుపోతుంది. జిప్సం ఉన్నది దాన్ని పట్టి ఉంచడానికి. జిప్సంలోని సల్ఫేటు, సీ3ఏ, నీరు కలిసి ఎట్రింగైట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలవుతాయి. సల్ఫేటు అందుతున్నంత సేపు సీ3ఏ వేగం తగ్గి ఉంటుంది.

ఇది పుస్తకంలో చదవడం వేరు, చేత్తో పట్టి చూడటం వేరు. ఒక వానాకాలం రాత్రి షిఫ్టులో తడిసిన జిప్సం హాపర్‌లో అంటుకుపోయి మిల్లుకు జిప్సం అందడం ఆగిపోయింది, కంట్రోల్ రూములో అప్పటికి ఎవరూ గమనించలేదు. శాంపిల్ నా దగ్గరికి వచ్చింది. నీళ్ళు కలిపి, సిమెంటు ఎంతసేపట్లో బిగుస్తుందో సూది దించి చూసే వికాట్ అచ్చులో నింపాను. నింపుతుండగానే తాపీ కింద ముద్ద బిరుసెక్కింది. అచ్చు పట్టుకున్న వేళ్ళకు వేడి తెలిసింది, అప్పుడే దించిన టీ గ్లాసు పట్టుకున్నట్టు. మామూలుగా రెండు గంటలైనా సూది అడుగుదాకా దిగే ముద్దలో పది నిమిషాలకే సూది పైనే నిలబడిపోయింది. వెంటనే ఫోన్ చేసి ఆ సరుకును వేరే సైలోకు మళ్ళించాం. చిటికెడు జిప్సం చేసే పని ఎంతదో నాకు ఆ రాత్రి తెలిసింది.

(మాలు కలిపిన వెంటనే బిరుసై, నీళ్ళు కలపకుండా మళ్ళీ బాగా కలిపితే వదులవుతుంటే అది వేరే సంగతి. నూరేటప్పుడు మిల్లు వేడికి జిప్సంలో నీరు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లాగా మారితే అట్లా అవుతుంది. దానికి అదనంగా నీళ్ళు పోయించొద్దు, ఇంకోసారి కలిపిస్తే చాలు.)

ఆ మొదటి హడావిడి తర్వాత రెండు నుంచి నాలుగు గంటలు సిమెంటు నిద్రపోయినట్టు ఉంటుంది. కాంక్రీటు మోయడం, పోయడం, వైబ్రేటర్ పెట్టడం, చెక్కతో సర్దడం అంతా మనం చేసుకునేది ఈ సమయంలోనే. ఎండాకాలంలో ఇది తగ్గిపోతుంది. అందుకే మధ్యాహ్నం మిద్దె వేయొద్దు, సాయంత్రం మొదలుపెట్టండి అని అందరికీ చెబుతుంటాను. బిగిసిపోతున్న మాలులో ఇంకో బిందె నీళ్ళు పోసి కలిపే అలవాటు మన దగ్గర ఉంది, అది మాత్రం దయచేసి ఆపించండి. ఎందుకో కింద చెబుతాను.

నిద్ర లేచేది అలైట్. అసలు బలం దీనిది. ఇది నీళ్ళతో కలిసి రెండు వస్తువుల్ని పుట్టిస్తుంది. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్, మేం సీ-ఎస్-హెచ్ అంటాం. దీనికి తీరైన స్ఫటిక రూపం ఉండదు, జిగురులా సిమెంటు రేణువుల చుట్టూ పెరిగి, పక్క రేణువు జిగురును పట్టుకుని, ఇసుకను కంకరను కరచుకుంటుంది. దీని అణువుల అమరిక టోబర్మొరైట్ అనే ఖనిజానికి దగ్గరగా ఉంటుంది, స్కాట్లాండులో టోబర్మొరీ అనే ఊరి పేరు అది. రెండోది కాల్షియం హైడ్రాక్సైడు, పోర్ట్‌లాండైట్. మనకు తెలిసిన తడి సున్నమే, ఆరు మూలల పలకలుగా పెరుగుతుంది. బలానికి ఇది పెద్దగా పనికిరాదు కానీ కాంక్రీటు లోపల క్షార గుణాన్ని నిలబెట్టి కమ్మి తుప్పు పట్టకుండా కాపాడేది ఇదే. గట్టిపడిన సిమెంటు ముద్దలో సగానికి పైగా సీ-ఎస్-హెచ్ ఉంటే, ఈ సున్నం 20 నుంచి 25 శాతం ఉంటుంది.

ఈ పని జరిగేటప్పుడు వేడి పుడుతుంది. ఒక్క గ్రాము అలైట్ పూర్తిగా నీళ్ళు తాగితే సుమారు 500 జౌళ్ళు. సాయంత్రం వేసిన మిద్దె మీద తెల్లవారుజామున అరచెయ్యి ఆనించి చూడండి, గాలి చల్లగా ఉన్నా మిద్దె వెచ్చగా ఉంటుంది. అది పగటి ఎండ వేడి కాదు.

మీ ప్రశ్నకు అసలు కీలకం ఇక్కడ ఉంది. మిద్దె రాయిలా అయిందంటే పని మొదలైందని అర్థం, అయిపోయిందని కాదు. నీళ్ళు అందుతూ ఉంటే 28 రోజులకు అలైటులో దాదాపు 70 శాతం మారుతుంది. బెలైట్ మరీ నిదానం, ఆ 28 రోజుల్లో 30 శాతం దాకానే, మిగతాది నెలల తరబడి. 53 గ్రేడ్ సిమెంటు క్యూబుకు ప్రమాణం 3 రోజులకు 27 మెగాపాస్కళ్ళు (బలాన్ని కొలిచే లెక్క అది), 7 రోజులకు 37, 28 రోజులకు 53. అంటే మూడో రోజుకు సగం బలమే. మీరు వాడిన పీపీసీకి కనీస ప్రమాణాలు 16, 22, 33. (మార్కెట్లో దొరికే పీపీసీ చాలావరకు దీనికంటే బాగానే వస్తుంది, పీపీసీ వాడారని దిగులుపడొద్దు.)

పీపీసీ సంగతి విడిగా చెప్పాలి. అందులో 15 నుంచి 35 శాతం వరకు ఫ్లైయాష్, అంటే కరెంటు కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే సన్న బూడిద, కలుపుతారు. మన వైపు మిల్లులకు అది వచ్చేది ఎక్కువగా ఎర్రగుంట్ల దగ్గరి ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) నుంచే. పొయ్యిలో కరిగి ఎగిరిన బూడిద గాజు పూసల్లా గుండ్రంగా ఉంటుంది, మైక్రోస్కోపులో చూస్తే ఆవగింజలు పోసినట్టు కనిపిస్తుంది. ఈ పూసలు తమంతట తాము గట్టిపడవు. అలైట్ వదిలిన ఆ తడి సున్నాన్ని తిని, దాన్ని కూడా సీ-ఎస్-హెచ్ జిగురుగా మారుస్తాయి. బలానికి పనికిరాని సున్నం బలమవుతుంది, సందులు పూడుకుపోతాయి, మిద్దె కారడం తగ్గుతుంది. మన ఎండలకు పీపీసీలో వేడి తక్కువ పుట్టడం కూడా మేలే. కానీ వరస గమనించండి. ముందు సున్నం పుట్టాలి, తర్వాత బూడిద దాన్ని తినాలి. ఈ రెండో పని మొదటి వారంలో సరిగ్గా మొదలు కూడా కాదు. నాలుగో రోజు నీళ్ళు ఆపేస్తే మీరు డబ్బు పెట్టి కొన్న మూటలో ఆ బూడిద భాగం ఉత్త దుమ్ముగా మిగిలిపోతుంది. కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి వాటికి 10 రోజులు, ఎండ, పొడి గాలి ఉన్న చోట ఏ సిమెంటుకైనా 10కి తగ్గొద్దు అంటుంది, పీపీసీకి 14 దాకా పొడిగించమని సిఫారసు చేస్తుంది. నేను 14 అన్నది అందుకే.

ఇప్పుడు నీళ్ళ లెక్క. 50 కిలోల మూటలోని సిమెంటు పూర్తిగా మారడానికి రసాయనికంగా కలుపుకునే నీరు 11 నుంచి 12 లీటర్లు. పుట్టిన జిగురు తన సన్న రంధ్రాల్లో పట్టి ఉంచుకునే నీరు ఇంకో 9, 10 లీటర్లు. మొత్తం 21 లీటర్లు అనుకోండి. మీ మేస్త్రి మాలు కలిపేటప్పుడు మూటకు ఎంత పోసి ఉంటాడు? 25 లీటర్లు, ఇంకా ఎక్కువే. అంటే కావాల్సిన నీళ్ళు మొదటి రోజే కాంక్రీటులో ఉన్నాయి. మన పని వాటిని పారిపోనివ్వకుండా పట్టి ఉంచడం.

ఎట్లా పారిపోతాయో చూడండి. ఐదంగుళాల మిద్దెలో ఒక చదరపు మీటరుకు మూటకు కొంచెం తక్కువ సిమెంటు, 22 లీటర్ల నీరు ఉంటాయి. మే నెలలో 42 డిగ్రీల ఎండ, వడగాలి. గంటకు అర లీటరు ఆవిరైనా పది గంటల పగటికి 5 లీటర్లు పోయినట్టే. అది కూడా పై పొరలోంచి పోతుంది, కాబట్టి పై అంగుళం ముందు దెబ్బతింటుంది. సిమెంటు సందుల్లో తేమ 80 శాతం కంటే తగ్గితే హైడ్రేషన్ దాదాపు ఆగిపోతుందని 1940ల్లో అమెరికాలో పవర్స్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కాంక్రీటు పూర్తిగా ఎండిపోనక్కర లేదు, కొంచెం ఆరితేనే పని నిలిచిపోతుంది. మీ మిద్దె పైన తెల్లగా కనిపిస్తున్నదంటే ఆ పొరలో ఇప్పటికే నిలిచిపోయిందని. కంగారు పడకండి, ఈ రోజు తడిపితే మళ్ళీ మొదలవుతుంది. పోయిన నాలుగు రోజులు పూర్తిగా తిరిగి రావు కానీ చాలావరకు కూడదీసుకుంటుంది.

"నీళ్ళు పెడితే మిద్దె మెత్తబడుతుంది" అని మేస్త్రి అన్నమాటలో సగం నిజం ఉంది. ఆ నిజం కలిపేటప్పటి నీళ్ళకు సంబంధించినది. ఒక పాలు సిమెంటు మారితే వచ్చే జిగురు రెండు పాళ్ళకు కొంచెం పైగా చోటు నింపుతుంది. అంతకు మించి నీళ్ళు పోస్తే ఆ నీళ్ళున్న చోటును ఎప్పటికీ ఏ జిగురూ నింపలేదు, అవి ఖాళీ సందులుగా మిగిలి మిద్దె బలం తగ్గిస్తాయి, వానకు కారుస్తాయి. బిగిసిపోతున్న మాలులో నీళ్ళు పోయించొద్దన్నది ఇందుకే. గట్టిపడ్డాక పై నుంచి పెట్టే నీళ్ళు కొత్త సందులు చేయలేవు. ఉన్న సందుల్లోకి వెళ్ళి, ఇంకా మారని సిమెంటును మార్చి, ఆ సందుల్నే పూడుస్తాయి. బేల్దారులు ఈ రెండు నీళ్ళనూ ఒకటిగా చూడటం వల్ల కలిపేటప్పుడు ధారాళంగా పోస్తారు, తడిపేటప్పుడు పిసినారితనం చేస్తారు. జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగబడి.

ఇంక తక్కువ నీళ్ళతో ఎట్లా. మడులు కట్టి రెండంగుళాలు నీళ్ళు నిలపడం అన్నిటికంటే మంచిది, కానీ వెయ్యి చదరపు అడుగుల మిద్దెకు ఒక్కసారి నింపడానికే 4,600 లీటర్ల పైన కావాలి, మన ఎండకు రోజూ తగ్గిపోతుంది. మీ పరిస్థితిలో నేనైతే ఇట్లా చేస్తాను. సాయంత్రం ఎండ తగ్గాక మిద్దెను బాగా తడపండి, పీల్చుకున్నంత పీల్చుకోనివ్వండి. గోనె పట్టలు తొట్లో నానబెట్టి సందు లేకుండా పరచండి. వాటి మీద ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచుల్లో ఇటుకలో నాపరాళ్ళో బరువు పెట్టి గాలి దూరకుండా చేయండి. తెల్లదో, లోపల కనిపించేదో అయితే మంచిది, నల్ల పట్ట ఎండకు బాగా వేడెక్కుతుంది. రోజూ పొద్దున, సాయంత్రం ఒక మూల ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, గోనె పిండితే నీళ్ళు రావాలి. రాకపోతే అక్కడ చల్లండి. పట్ట కింద చెమట పట్టినట్టు బొట్లు కనిపిస్తే అంతా సరిగ్గా జరుగుతున్నట్టే. గోనెలు దొరకకపోతే వరిగడ్డి మందంగా పరిచినా సరిపోతుంది. పట్ట లేకుండా గోనెలు మాత్రం వేసి రోజుకు మూడుసార్లు పైపు పట్టడం వల్ల లాభం తక్కువ. మధ్యలో ఆరి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఆరి పై పొర నెర్రెలిస్తుంది. మిట్టమధ్యాహ్నం కాలుతున్న మిద్దె మీద చల్లటి నీళ్ళు గుమ్మరించడం కూడా మంచిది కాదు.

పిల్లర్లను మర్చిపోకండి. మిద్దె మీద శ్రద్ధ పెట్టి పిల్లర్లకు రెండు రోజులు నీళ్ళు కొట్టి వదిలేస్తారు. ఇల్లు మోసేది అవే, నాలుగు పక్కలా గాలి తగిలేది వాటికే. గోనె చుట్టి, తాడు కట్టి, పై నుంచి తడపండి.

నీళ్ళ రకం గురించి కూడా అడుగుతుంటారు. బోరు నీళ్ళు కొంత కఠినంగా ఉన్నా ఫరవాలేదు, ఉప్పు మాత్రం చూసుకోవాలి. కమ్మి ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దు, సల్ఫేటు 400 దాటొద్దు. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలే నీళ్ళను పక్కన పెట్టి, ఒకసారి పరీక్ష చేయించండి. ఎరువులు, ఉప్పు పోసిన సంచులను కడగకుండా పరచొద్దు. మడుల్లో నీళ్ళు ఆరాక తెల్లగా పొర కడితే భయపడకండి. ఆ తడి సున్నమే కరిగి పైకి వచ్చి గాలి తగిలి సున్నపురాయి పొడిగా మారింది, చీపురుతో ఊడ్చేయండి.

నీళ్ళు ఆపేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా బావమరిది కమలాపురంలో ఇల్లు కట్టాడు. అదీ మే నెలే. నేను డ్యూటీలో ఉండి వెళ్ళలేకపోయాను, కాంట్రాక్టరు రెండు రోజులు పైపు పట్టి "గట్టిపడింది" అని వదిలేశాడు. గృహప్రవేశం నాటికి ఏ లోపం కనిపించలేదు. రెండో ఏడు నుంచి మిద్దె ఊడ్చినప్పుడల్లా చీపురుకు బూడిద రంగు పొడి రావడం మొదలైంది. ఆ తర్వాత వానకు వంటింటి మూలలో చెమ్మ. ఎనిమిదేళ్ళకు ఆ మూలలో చిన్న ముక్క చెక్కించి, అప్పుడే పగిలిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేశాను. బడిలో కెమిస్ట్రీ ల్యాబులో వాడే చుక్కలే అవి, క్షారం ఉన్న చోట గులాబీ రంగుకు తిరుగుతాయి. లోపల గులాబీ రంగు వచ్చింది. పైన ఒకటిన్నర సెంటీమీటరు మందాన ఏ రంగూ రాలేదు, తడిసిన బూడిద రంగే. అంటే వదులు సందుల్లోంచి గాలి దూరి అక్కడి సున్నాన్నంతా మార్చేసింది. ఇంకో అర సెంటీమీటరు లోపల కమ్మి ఉంది. రంగు మారే ఆ గీత కమ్మిని చేరితే తుప్పు మొదలవుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. మా బావమరిది ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూసుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది. ఆ నాడు ఒక సెలవు పెట్టి వెళ్ళి, గోనెలు పరిపించి వచ్చి ఉంటే సరిపోయేది. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి అది కూడా ఒక కారణం.

మేస్త్రి నమ్మకపోతే ఈ రోజే ఒక పని చేయండి. మిగిలిన సిమెంటును కొంచెం నీళ్ళతో గట్టి ముద్దగా కలిపి రెండు ప్లాస్టిక్ గ్లాసుల్లో అంగుళం ఎత్తున పోయండి. రాత్రంతా రెండింటినీ తడిగుడ్డ కప్పి ఉంచి, పొద్దున గ్లాసులు చీల్చి ముద్దలు తీయండి. ఒకటి బకెట్ నీళ్ళలో ముంచండి, ఇంకోటి మిద్దె మీద ఎండలో పెట్టండి. పదో రోజు రెండింటినీ మేస్త్రి చేతికిచ్చి మేకుతో గీకమనండి. ఎండలోది పొడి రాలుతుంది. నీళ్ళలోది మేకు గీత కూడా సరిగ్గా పడనివ్వదు. మా ల్యాబుకు కొత్తగా వచ్చే ట్రైనీలతో మొదటి వారం ఇదే చేయించేవాణ్ణి.

సెంట్రింగ్ గురించి మీరు అడగలేదు కానీ నీళ్ళు ఆపమన్న మేస్త్రి అది కూడా తొందరగా ఊడదీస్తానంటాడు. మామూలు సిమెంటుకు ప్రమాణాల్లో 4.5 మీటర్ల లోపు మిద్దెకు 7 రోజులు, అంతకు మించితే 14, 6 మీటర్ల లోపు దూలాలకు 14, పైనైతే 21 రోజులు కింద ఆసరాగా నిలిపే పోట్లు ఉంచాలని ఉంది. పీపీసీ నిదానం కాబట్టి మీరు 7 దగ్గర ఆగకండి, గదులు చిన్నవైనా 14 రోజులు ఉంచండి. అడుగున సెంట్రింగ్ రేకులు ఉన్నంత కాలం కింది వైపు తేమ కూడా నిలిచి ఉంటుంది.

14వ రోజు దాటాక ప్లాస్టిక్ పట్ట తీసేయండి, గోనెలు మాత్రం రెండు రోజులు అట్లాగే ఉంచి, నీళ్ళు చల్లకుండా వాటంతట వాటిని ఆరనివ్వండి.